కంప్యూటర్ తెరను మన దారికి తెచ్చుకోవడం: జిరాక్స్ షాపుకూ మిల్లు ఆఫీసుకూ పనికొచ్చే మార్గదర్శి

దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ ఎక్కడికి వెళ్లినా ఇంటర్నెట్ సెంటర్లలో వినిపించే ఫిర్యాదులు ఇంచుమించు ఒకటే. "నిన్న ఇక్కడ పెట్టిన ఫైలు ఈరోజు లేదు." "ఇంగ్లీషులో కొడుతుంటే తెలుగు అక్షరాలు పడుతున్నాయి." "ప్రింటు ఇస్తే పక్క ప్రింటర్‌లోకి పోయింది." చెప్పినవారు చివర్లో ఒక మాట కలుపుతారు: "నాకు కంప్యూటర్ అంతగా రాదు సార్, అందుకే." నా పేచీ ఆ చివరి మాటతోనే. ఈ చిక్కుల్లో చాలావాటికి వాడేవారి చేతకానితనం కారణం కాదు. కొత్త కంప్యూటర్‌తో పాటు వచ్చే విండోస్ అమరికల వెనుక ఒక ఊహ ఉంది: ఒకే మనిషి, ఒకే భాష, ఒకే ప్రింటర్, ఎప్పుడూ తెగిపోని ఇంటర్నెట్. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి సందులో ఉండే జిరాక్స్ షాపులో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. కాబట్టి మారాల్సింది అమరిక. ఒక ఆదివారం పూట తీరిగ్గా కూర్చుంటే చాలావరకు మార్చేయవచ్చు.

ఇది విండోస్ 11 కోసం రాసినది. విండోస్ 10 ఉన్నవారికి కూడా సగానికి పైగా పనికొస్తుంది. వారికి సంబంధించిన ముఖ్యమైన విషయం చివర్లో ఉంది.

మొదలుపెట్టే ముందు

విండోస్ కీ పట్టుకుని ఐ అక్షరం నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. ఎడమవైపు జాబితాలో సిస్టమ్, అందులో అట్టడుగున అబౌట్ ఉంటాయి. మీ విండోస్ ఏదో అక్కడ చూసుకోండి. తరువాత ఒక చిన్న నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని, మార్చిన ప్రతిదాన్నీ రాసుకోండి: ఏ పేజీలో ఏది, అంతకుముందు ఎలా ఉంది. రేపు షాపులో ఉండే కుర్రవాడు "ఇది ఎవరు మార్చారు" అని తికమకపడితే ఆ పుస్తకమే జవాబు చెబుతుంది.

దరఖాస్తుల చివరి తేదీ రోజున మాత్రం ఏదీ ముట్టుకోవద్దు. ఆ రోజు పాత చిరాకే మేలు.

అడుగు 1: టాస్క్‌బార్

1995లో విండోస్ 95తో స్టార్ట్ బటన్ తెర కింద ఎడమ మూలకు వచ్చింది. 2012లో విండోస్ 8 దాన్ని తీసేసింది. జనం గోల పెట్టాక 2013లో 8.1తో బటన్ తిరిగి వచ్చింది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 దాన్ని అడుగున మధ్యకు జరిపింది. రోజూ పప్పు, చింతపండు చూడకుండానే అందుకునే కిరాణా కొట్టులో రాత్రికి రాత్రి ఎవరో డబ్బాలన్నీ మార్చేసినట్లయింది.

ఇది అలవాటు పోవడం వల్ల వచ్చిన బాధ ఒక్కటే కాదు. ఒక గురిని చేరడానికి పట్టే సమయం దాని దూరం మీద, పరిమాణం మీద ఆధారపడుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే ప్రయోగాలతో చూపించాడు. తెర మూలలో ఉన్న బటన్ ఎంత చిన్నదైనా చాలా పెద్ద గురి కిందే లెక్క. మౌస్‌ను అటువైపు విసిరితే చాలు, బాణం గుర్తు మూలలో ఆగిపోతుంది, దాటి పోలేదు. మధ్యలో ఉన్న బటన్ దగ్గరైతే చేతిని నెమ్మదింపజేసి గురి చూసి ఆపాలి. పైగా కొత్త ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ ఆ వరుస కాస్త ఎడమకు జరుగుతుంది. అంటే గురి కూడా కదులుతోంది!

మార్చే దారి: టాస్క్‌బార్ (తెర అడుగున ఉండే పట్టీ) మీద ఖాళీ చోట కుడి క్లిక్ చేసి "టాస్క్‌బార్ సెట్టింగ్స్" తెరవండి. అడుగున "టాస్క్‌బార్ బిహేవియర్స్" కింద "టాస్క్‌బార్ అలైన్‌మెంట్" దగ్గర లెఫ్ట్ ఎంచుకోండి.

అదే చోట ఇంకొకటి ఉంది, మిల్లు ఆఫీసుల వారికి ఇదే ముఖ్యం. "కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అండ్ హైడ్ లేబుల్స్" అనే దానికి నెవర్ పెట్టండి. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా ముందు ఒకేసారి ధాన్యం కొనుగోళ్ల ఎక్సెల్ షీటు, లారీల షీటు, హమాలీల కూలి షీటు తెరిచి ఉంటాయి. మామూలు అమరికలో మూడూ ఒకే బొమ్మ వెనుక దాక్కుంటాయి. పేరు కనిపించదు. క్లిక్ చేసి, వచ్చిన చిన్న చిత్రాల్లో వెతికి, మళ్లీ క్లిక్ చేయాలి. నెవర్ పెడితే ప్రతి ఫైలు తన పేరుతో విడిగా నిలబడుతుంది. విండోస్ 11 మొదట వచ్చినప్పుడు ఈ వీలు లేనే లేదు, 2023లో తిరిగి ఇచ్చారు. అది మీ కంప్యూటర్‌లో కనిపించకపోతే అప్‌డేట్లు ఆగిపోయి ఉన్నాయని అర్థం.

విడ్జెట్స్‌ను అదే పేజీ పైభాగంలో ఆపేయండి. వాతావరణం చూద్దామని బాణం అటు వెళితే సగం తెర నిండా వార్తలు పరుచుకోవడం ఎవరికీ అక్కరలేదు.

అడుగు 2: ఫైళ్లు

అన్నిటికంటే ఎక్కువ పనిగంటలు తినేది ఇదే. నెమ్మదిగా చూద్దాం.

ముందుగా ఫైలు పేరు తోక. ప్రతి ఫైలు పేరు చివర అది ఏ రకమో చెప్పే చిన్న ముక్క ఉంటుంది: జేపీజీ, పీఎన్‌జీ, పీడీఎఫ్. విండోస్ దాన్ని దాచేస్తుంది. పేరు శుభ్రంగా కనబడాలని కాబోలు. దాని ఫలితం ఉద్యోగ దరఖాస్తుల కాలంలో చూడాలి. పోర్టల్ జేపీజీ ఫోటో అడుగుతుంది. అభ్యర్థి ఫోనులోంచి వచ్చిన ఫోటో పీఎన్‌జీ. షాపులో వారు పేరు మార్చి చివర డాట్ జేపీజీ అని కొడతారు. తోక దాగి ఉంది కాబట్టి ఆ ఫైలు అసలు పేరు "ఫోటో డాట్ జేపీజీ డాట్ పీఎన్‌జీ" అవుతుంది. తెర మీద మాత్రం "ఫోటో డాట్ జేపీజీ" అనే కనిపిస్తుంది. పోర్టల్ తిప్పికొడుతుంది. మళ్లీ ప్రయత్నం, మళ్లీ తిరస్కారం. అభ్యర్థి సర్వర్‌ను తిడతాడు, వెనుక క్యూలో ఉన్నవారు అభ్యర్థిని తిడతారు.

మార్చే దారి: ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి (విండోస్ కీ + ఇ) పైన వ్యూ, అందులో షో, అందులో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" మీద టిక్ పెట్టండి. ఇకపై తోకలన్నీ కనిపిస్తాయి.

తోక కనిపించినా, పేరు మార్చినంత మాత్రాన ఫైలు రకం మారదు. ఫోటోను పెయింట్‌లో తెరిచి, ఫైల్ మెనూలో "సేవ్ యాజ్" ద్వారా జేపీఈజీ ఎంచుకుని దాచాలి. ఫోటో బరువు ఎక్కువగా ఉందని పోర్టల్ అంటే పెయింట్‌లోనే రీసైజ్ నొక్కి పిక్సెల్స్ తగ్గించండి. ఇంటర్నెట్‌లో దొరికే ఫోటో కుదింపు సైట్లకు అభ్యర్థి ఆధార్ కాపీనీ, సంతకాన్నీ ఎక్కించడం నాకు నచ్చదు. ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియని పని అది.

తోక కనిపించడం వల్ల ఇంకో లాభం ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ బొమ్మతో కూర్చున్న వైరస్ పేరు చివర ఈఎక్స్‌ఈ అని బయటపడుతుంది. నిజమైన ఫోల్డర్‌కు అలాంటి తోక ఉండదు.

రెండోది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. ఇక్కడ ఫైళ్లు నేడు, నిన్న, గత వారం అంటూ గుంపులుగా వస్తాయి. పేరు ప్రకారం పేర్చినా ఆ గుంపులు పోవు, ఒక్కో గుంపులో విడివిడిగా అక్షర క్రమం వస్తుంది. లోపల ఖాళీ చోట కుడి క్లిక్ చేసి "గ్రూప్ బై" దగ్గర నన్ ఎంచుకోండి. చిన్న పనే గానీ, దాని వల్ల కలిగే ఊరట పెద్దది.

మూడోది కుడి క్లిక్ మెనూ. విండోస్ 11లో ఇది కురచగా వస్తుంది. కట్, కాపీ వంటివి పైన బొమ్మలుగా మారాయి. పాత సాఫ్ట్‌వేర్ చేర్చిన ఎంపికలు "షో మోర్ ఆప్షన్స్" వెనుకకు వెళ్లాయి. షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్ చేస్తే పాత పొడవాటి మెనూ నేరుగా వస్తుంది. పేరు మార్చడానికి మెనూతో పనే లేదు, ఫైలును ఎంచుకుని ఎఫ్2 నొక్కండి.

నాలుగోది మాయమైన ఫోల్డర్. డబుల్ క్లిక్ చేస్తూ వేలు కాస్త జారితే ఫోల్డర్ పక్క ఫోల్డర్‌లోకి దూకేస్తుంది. ఏ హెచ్చరికా ఉండదు. మౌస్ పాతబడి బటన్ వదులైన చోట ఇది మరీ ఎక్కువ. వెంటనే, ఇంకేమీ చేయకముందే, అదే కిటికీలో కంట్రోల్ + జడ్ నొక్కండి. వర్డ్‌లో అక్షరాలను వెనక్కి తెచ్చినట్లే ఫైళ్ల కదలికనూ అది వెనక్కి తెస్తుంది. చాలా ఏళ్లుగా కంప్యూటర్ వాడుతున్నవారిలో కూడా ఈ సంగతి తెలియనివారు ఎక్కువే.

అడుగు 3: డెస్క్‌టాప్ మీది ఫైళ్లు నిజంగా ఎక్కడ ఉన్నాయి?

కొత్త కంప్యూటర్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఈమెయిల్ ఖాతా అడుగుతుంది. ఇచ్చి ముందుకు వెళితే చాలా కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ సేవ) అధీనంలోకి వెళతాయి. ఫైళ్ల నకలు ఇంటర్నెట్‌లో భద్రంగా ఉండాలన్నది ఉద్దేశం, అది చెడ్డదేమీ కాదు. కానీ ఉచితంగా దొరికే చోటు 5 జీబీ మాత్రమే. స్కాన్ చేసిన పత్రాలతో అది నిండడానికి ఎంతో కాలం పట్టదు. అప్పటి నుంచి "చోటు లేదు, కొనండి" అనే హెచ్చరికలు మొదలవుతాయి. ఇంకో తంటా ఏమిటంటే కొన్ని ఫైళ్లు పేరుకే మన దగ్గర ఉంటాయి, లోపలి సరుకు ఇంటర్నెట్‌లో ఉంటుంది. అచ్చంపేటలో నెట్ పోయిన పూట ఆ ఫైలు తెరుచుకోదు.

ఫైలు పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటే అది మన దగ్గర లేదని అర్థం. ఆకుపచ్చ టిక్ ఉంటే ఉంది.

వద్దనుకుంటే ఈ వరుసలో చేయండి. వరుస తప్పితే ఫైళ్ల కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

మొదట నెట్ బాగా ఉన్న సమయంలో వన్‌డ్రైవ్‌లోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల మీద కుడి క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" ఎంచుకోండి. అన్నీ దిగేదాకా ఆగండి. తరువాత గడియారం పక్కనున్న మేఘం గుర్తు మీద నొక్కి, పళ్లచక్రం గుర్తులోంచి సెట్టింగ్స్, అందులో "సింక్ అండ్ బ్యాకప్", అందులో "మేనేజ్ బ్యాకప్" తెరిచి ఒక్కో ఫోల్డర్‌ను ఆపేయండి. ఫైళ్లు ఎక్కడ ఉంచాలని అడిగితే ఈ కంప్యూటర్‌లోనే అని చెప్పండి. అడగకపోతే అవి వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే మిగిలిపోయి, డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తుంది. కంగారు పడకుండా ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి అన్నిటినీ కట్ చేసి డెస్క్‌టాప్ మీద పేస్ట్ చేయండి.

ఒక్క జాగ్రత్త: వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో డిలీట్ చేసింది ఇంటర్నెట్‌లోని నకలులో కూడా పోతుంది. "ఇక్కడ తీసేస్తే అక్కడ ఉంటుందిలే" అనుకోవద్దు. ఆపేశాక నకలు బాధ్యత మీదే. వారానికి ఒకసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసి పెట్టండి.

అడుగు 4: ప్రింటర్

జిరాక్స్ షాపులో సాధారణంగా రెండు ప్రింటర్లు ఉంటాయి. నలుపు తెలుపు కాగితాలకు లేజర్, ఫోటోలకు రంగుల ఇంక్ ప్రింటర్. ఒకరు పాస్‌పోర్టు ఫోటోలు అడుగుతారు. రంగుల ప్రింటర్‌లో గ్లాసీ పేపర్ పెట్టి తీస్తారు. తరువాతి మనిషికి పహాణీ నకలు కావాలి. కంట్రోల్ + పి, ఎంటర్. చేయి అలవాటుగా లేజర్ వైపు చాస్తుంది, కాగితం మాత్రం పక్క ప్రింటర్‌లోంచి ఫోటో పేపర్ మీద తళతళలాడుతూ వస్తుంది. దాని ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? షాపు యజమానే.

"చివరగా వాడిన ప్రింటరే అసలైన ప్రింటర్" అని విండోస్ తనంతట తాను తీర్మానించుకుంటుంది. సెట్టింగ్స్‌లో "బ్లూటూత్ అండ్ డివైసెస్", అందులో "ప్రింటర్స్ అండ్ స్కానర్స్" తెరవండి. కింద "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" ఆపేయండి. తరువాత లేజర్ ప్రింటర్ పేరు మీద నొక్కి "సెట్ యాజ్ డిఫాల్ట్" ఇవ్వండి.

అయినా బ్రౌజర్ నుంచి ఇచ్చే ప్రింట్లు తప్పు చోటికి పోవచ్చు. క్రోమ్ తనలో చివరిసారి వాడిన ప్రింటర్‌ను సొంతంగా గుర్తుంచుకుంటుంది. అందుకే ప్రింట్ పెట్టెలో "డెస్టినేషన్" అనే గడిని ఒకసారి చూసి ఎంటర్ కొట్టడం అలవాటు చేసుకోవాలి. చూడగానే తెలిసేలా పేర్లు మార్చుకోండి: "ప్రింటర్ ప్రాపర్టీస్"లో జనరల్ ట్యాబ్ పైనే పేరు గడి ఉంటుంది. కంపెనీ పెట్టిన అంకెల పేరు తీసేసి లేజర్ అని, ఫోటో అని పెడితే పనిలో కొత్తగా చేరిన అమ్మాయి కూడా పొరబడదు.

జాబితాలో అదే ప్రింటర్ రెండోసారి "కాపీ 1" అనే తోకతో కనిపిస్తోందా? ఊడ్చేటప్పుడు ఎవరో యూఎస్‌బీ తీగ పీకి వేరే రంధ్రంలో పెట్టి ఉంటారు. విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుంది. పాత పేరుకు ఇచ్చిన పనులన్నీ వరుసలో ఆగిపోతాయి. తీగను మునుపటి రంధ్రంలోనే పెట్టి, రెండో పేరును రిమూవ్ చేయండి. ఆ రంధ్రం దగ్గర రంగు టేపు ముక్క అంటించండి.

ప్రింట్ వరుసలో ఒక పని ఇరుక్కుని డిలీట్ కూడా కాకపోతే, స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరవండి. అందులో "ప్రింట్ స్పూలర్" మీద కుడి క్లిక్ చేసి స్టాప్ ఇవ్వండి. తరువాత సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్ల వరుసలో చివరిదాకా వెళ్లి, అక్కడి ఫైళ్లను మాత్రమే తీసేయండి. ఫోల్డర్‌ను ముట్టుకోవద్దు. తిరిగి వచ్చి స్టార్ట్ ఇవ్వండి. వరుస ఖాళీ అవుతుంది.

అడుగు 5: తెలుగు, ఇంగ్లీషుల మధ్య కీబోర్డు ఊగిసలాట

తెలుగు కీబోర్డు చేర్చుకున్న ప్రతి కంప్యూటర్‌లో ఇది తప్పదు. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది. ఆ రెండు కీలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, వేగంగా కొట్టేవారి వేళ్లు వాటిని తెలియకుండానే కలుపుతాయి. ఎక్సెల్‌లోనైతే తెలుగు అక్షరం పడగానే తెలుస్తుంది. పాస్‌వర్డ్ గడిలో తెలియదు, అక్కడ చుక్కలే కదా. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నామని నమ్ముతూ మళ్లీ మళ్లీ తప్పు కొడతారు. ఖాతా తాళం పడుతుంది.

సెట్టింగ్స్‌లో "టైమ్ అండ్ లాంగ్వేజ్", అందులో టైపింగ్, అందులో "అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్" తెరవండి. అక్కడ "ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్" నొక్కితే పాతకాలపు చిన్న పెట్టె ఒకటి వస్తుంది. "చేంజ్ కీ సీక్వెన్స్" నొక్కి రెండు వైపులా "నాట్ అసైన్డ్" పెట్టండి. ఇకపై కీలతో భాష మార్చడానికి విండోస్ కీ + స్పేస్ వాడండి. అది పొరపాటున నొక్కుడుపడేది కాదు.

అదే పేజీలో "లెట్ మీ యూజ్ ఎ డిఫరెంట్ ఇన్‌పుట్ మెథడ్ ఫర్ ఈచ్ యాప్ విండో" అనే టిక్ ఉంది. అది పెడితే వర్డ్‌లో తెలుగు, ట్యాలీలో ఇంగ్లీషు దేనికది నిలుస్తాయి. తెలుగులో వినతిపత్రాలు కొడుతూ మధ్యమధ్య లెక్కలు చూసేవారికి ఇది వరం. ఒకే పని చేసేవారికి అక్కరలేదు.

ఈమెయిల్ కొడుతుంటే @ గుర్తుకు బదులు కొటేషన్ గుర్తు పడుతోందంటే భాషల జాబితాలో బ్రిటన్ ఇంగ్లీషు కీబోర్డు దూరిందన్నమాట. ఆ రెండు గుర్తులు అందులో తారుమారుగా ఉంటాయి. కీబోర్డు చెడిపోయిందని కొత్తది కొనకండి. "లాంగ్వేజ్ అండ్ రీజియన్" పేజీలో ఇంగ్లీషు పక్క మూడు చుక్కల్లోంచి "లాంగ్వేజ్ ఆప్షన్స్"కు వెళ్లి ఆ కీబోర్డును తీసేయండి. ఇండియా ఇంగ్లీషు కీబోర్డు ఉంచుకుంటే కుడి ఆల్ట్ + 4తో ₹ గుర్తు కూడా వస్తుంది, బిల్లులకు బాగుంటుంది.

తెలుగు టైపింగ్ కొత్తగా నేర్చుకునేవారికి విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాల్లో పలికినట్లు కొడితే తెలుగు పడేది) ఉంది. భాషకు తెలుగు చేర్చి, కీబోర్డ్స్ కింద దాన్ని ఎంచుకోవాలి. అను ఫాంట్లలో కొట్టిన పాత డీటీపీ ఫైళ్లు వాట్సాప్‌లో పిచ్చి గీతలుగా కనిపించడం వేరే గొడవ. దానికి యూనికోడ్‌లోకి (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే అక్షర పద్ధతిలోకి) మార్చుకోవడమే మార్గం.

అడుగు 6: కళ్లకూ చేతికీ

విశ్రాంత ఉపాధ్యాయులు పింఛను పత్రాలు చూసుకోవడానికి తంటాలు పడేది అక్షరాల పరిమాణంతో. డిస్‌ప్లే పేజీలో స్కేల్ 125 శాతం పెడితే అన్నీ పెరుగుతాయి. అక్షరాలు మాత్రమే పెరగాలంటే యాక్సెసిబిలిటీలో "టెక్స్ట్ సైజ్". అక్కడే బాణం గుర్తును పెద్దది చేసి రంగు మార్చుకోవచ్చు. "విజువల్ ఎఫెక్ట్స్"లో "ఆల్వేస్ షో స్క్రోల్‌బార్స్" పెట్టండి. పక్కనుండే ఆ పట్టీ దాక్కుని ఉంటే కింద ఇంకా పేజీ ఉందనే తెలియదు. అదే చోట యానిమేషన్, ట్రాన్స్‌పరెన్సీ రెండూ ఆపేస్తే పాత కంప్యూటర్ కూడా కాస్త చురుగ్గా కదులుతుంది.

షిఫ్ట్ వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ పెట్టె వస్తుంది. చూడకుండా ఎస్ అంటే కీబోర్డు వింతగా ప్రవర్తిస్తుంది. ఒక చేత్తో టైపు చేసేవారికి అది నిజంగా అవసరమైన సదుపాయం. మీకు అక్కరలేకపోతే యాక్సెసిబిలిటీలో కీబోర్డ్ పేజీలో దాని షార్ట్‌కట్‌ను మాత్రం ఆపండి.

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో ఇంకో ఉచ్చు ఉంది. కొన్ని ఫారాల్లో మార్కుల గడిలో 465 కొట్టి, పేజీ కిందికి జరపడానికి మౌస్ చక్రం తిప్పితే అంకె 464కో 463కో మారిపోతుంది. బాణం ఆ గడి మీదే ఉండటం కారణం. అంకె కొట్టాక పక్కన ఖాళీ చోట ఒకసారి క్లిక్ చేసి, ఆ తరువాతే చక్రం తిప్పండి. సబ్‌మిట్ ముందు అంకెలన్నీ అభ్యర్థి చేతే చదివించండి. పొరపాటున ట్యాబ్ మూసేస్తే కంట్రోల్ + షిఫ్ట్ + టి తిరిగి తెస్తుంది, నింపిన వివరాలు ఉంటాయన్న హామీ మాత్రం లేదు.

అడుగు 7: మధ్యలో వచ్చి పలకరించేవి

సిస్టమ్‌లో నోటిఫికేషన్స్ తెరిచి, అవసరం లేని ప్రతి ప్రోగ్రామ్‌ను ఆపేయండి. అదే పేజీ అడుగున "అడిషనల్ సెట్టింగ్స్"లో సలహాలు, సూచనలు చూపించే టిక్‌లు ఉంటాయి. అన్నీ తీసేయండి.

"మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే నొక్కండి" అంటూ కుడివైపు మూలలో పెట్టె వస్తే అది విండోస్ పంపింది కాదు. ఎప్పుడో ఏదో సైటులో అలౌ అని నొక్కిన ఫలితం. క్రోమ్ సెట్టింగ్స్‌లో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ", "సైట్ సెట్టింగ్స్", నోటిఫికేషన్స్ వరుసగా తెరిచి, అనుమతి ఉన్న జాబితాలో తెలియని పేర్లన్నీ తొలగించండి. ఇకపై అడగనే వద్దని కూడా అక్కడే చెప్పవచ్చు.

అప్‌డేట్లను పూర్తిగా చంపే చిట్కాలు చెప్పేవారున్నారు. వినవద్దు. ఊరందరి పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కంప్యూటర్‌కు అవి కావాలి. "విండోస్ అప్‌డేట్"లో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్", అందులో "యాక్టివ్ అవర్స్" దగ్గర షాపు తెరిచే సమయం, మూసే సమయం ఇవ్వండి. 18 గంటల దాకా ఇవ్వవచ్చు. ఆ గంటల్లో తనంతట తాను రీస్టార్ట్ కాదు.

రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ అనే అమరిక వల్ల షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగం పూర్తిగా మూతపడదు, డిస్క్‌లో దాచుకుని మర్నాడు అదే తిరిగి తెస్తుంది. రీస్టార్ట్ మాత్రమే అంతా కొత్తగా మొదలుపెడుతుంది.

అడుగు 8: నలుగురూ వాడే కంప్యూటర్ అయితే

క్లిప్‌బోర్డ్ చరిత్రను ఆన్ చేసి ఉంటే, విండోస్ కీ + వి నొక్కగానే ఇంతకుముందు కాపీ చేసిన 25 దాకా అంశాలు జాబితాగా వస్తాయి. ఒంటరిగా వాడేవారికి ఇంతకంటే మేలైన సదుపాయం లేదు. ఇంటర్నెట్ సెంటర్‌లో మాత్రం ఇందాకటి మనిషి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అక్కడే కూర్చుని ఉంటాయి. వినియోగదారులు కూర్చునే యంత్రంలో సిస్టమ్‌లోని క్లిప్‌బోర్డ్ పేజీకి వెళ్లి దీన్ని ఆపండి. బ్రౌజర్‌ను గెస్ట్ కిటికీలో తెరిచి ఇవ్వండి, మూయగానే లాగిన్‌లు పోతాయి. డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు మాత్రం అలాగే ఉండిపోతాయి. రాత్రి షాపు మూసే ముందు వాటిని షిఫ్ట్ + డిలీట్‌తో తీసేయాలి. మామూలు డిలీట్ వాటిని రీసైకిల్ బిన్‌లో ఉంచుతుంది, అక్కడి నుంచి ఎవరైనా తెరుస్తారు.

విండోస్ 10 ఉన్నవారికి

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. సొంత కంప్యూటర్లు వాడేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు అందే ఏర్పాటు ఉంది. అది "విండోస్ అప్‌డేట్" పేజీలోనే కనిపిస్తుంది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ చాలని రాసినా అసలు అడ్డంకి టీపీఎం 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా చిప్), ప్రాసెసర్ దగ్గర వస్తుంది. ఇంటెల్‌లోనైతే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచే అధికారికంగా అనుమతి. మహబూబ్‌నగర్‌లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత అని అడిగే ముందు ప్రాసెసర్ ఏ తరానిదో అడగండి.

మార్చలేని పాత యంత్రానికి లినక్స్ మింట్ (విండోస్‌కు బదులుగా ఎక్కించుకునే ఉచిత వ్యవస్థ) ఒక దారి. దాని మెనూ బటన్ కింద ఎడమ మూలలోనే ఉంటుంది, విండోస్ 7 కాలంవారికి కొత్తగా అనిపించదు. కంప్యూటర్‌లో ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. అయితే వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం డాంగిల్ వాడే యంత్రమైతే వాటి సాఫ్ట్‌వేర్ లినక్స్‌కు ఉందో లేదో అమ్మినవారిని ముందే అడగండి. లేదంటే ఆ ఒక్క యంత్రాన్ని విండోస్‌లోనే ఉంచి, ప్రింట్లకూ బ్రౌజర్‌కూ వాడేదాన్ని మార్చుకోండి.